ఒంటరి సాము

గురువు లేకుండా యుద్ధవిద్య నేర్చుకోవచ్చా అని అడిగితే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. అసలు కుదరదనేది ఒకటి. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి, ఇంకేం కావాలనేది రెండోది. మొదటి మాట చెప్పేది ఎక్కువగా ఫీజు తీసుకునే మాస్టారు. రెండో మాట చెప్పేవాడు ఇంతవరకూ ఎవరి చేతా దెబ్బ తిని ఉండడు.

చుట్టుపక్కల కరాటే క్లాసన్నదే లేని మండల కేంద్రాల్లో ఉండేవాళ్ల కోసం ఈ అధ్యాయం. షిఫ్టు డ్యూటీల వల్ల సాయంత్రం ఆరింటి బ్యాచ్‌కి ఎప్పటికీ వెళ్లలేనివాళ్ల కోసం, క్లాసు ఉన్నా ఇంట్లో పంపని అమ్మాయిల కోసం కూడా.

మనవాళ్లు ఈ మాట రాగానే ఏకలవ్యుణ్ణి తెస్తారు. తేవడంలో తప్పులేదు గానీ ఆ కథలో ఒక సంగతిని దాటేస్తుంటారు. అతను ఎంచుకున్నది విలువిద్య. బాణం వదిలిన మరుక్షణం తగిలిందో తప్పిందో గురే చెబుతుంది. ద్రోణుడి మట్టిబొమ్మ ఒక్క ముక్క మాట్లాడకపోయినా, తప్పిన ప్రతి బాణమూ అతన్ని దిద్దింది. మొరిగే కుక్క నోటిని దెబ్బ తగలకుండా బాణాలతో మూసేంత నేర్పు అలా వచ్చింది. అదే ఏకలవ్యుడు విల్లు వదిలి మల్లయుద్ధం ఎంచుకుని ఉంటే? మట్టిబొమ్మతో కుస్తీ పట్టి ప్రతిరోజూ తనే గెలిచేవాడు. అడవి దాటి వచ్చిన రోజున మొదటి పట్టులోనే వెల్లకిలా పడేవాడు.

నేను చెప్పబోయేదంతా ఈ తేడా మీదే నడుస్తుంది. ఏ పనిలో తప్పు తనంతట తానే బయటపడుతుందో ఆ పనిని ఒంటరిగా నేర్చుకోవచ్చు. ఎదుటి మనిషి కదిలితే తప్ప తప్పు తెలియని పనికి ఎదుటి మనిషి కావలసిందే. ఆ మనిషి గురువే కానక్కర్లేదు.

సొంతంగా నేర్చామన్నవాళ్లు

పదిహేడో శతాబ్దపు జపాన్ కత్తివీరుడు మియమోతో ముసాషి తన చివరి రోజుల్లో రాసిన 'ఐదు వలయాల గ్రంథం'లో, తనకు ఏ విద్యలోనూ గురువు లేడని చెప్పుకున్నాడు. పదమూడో ఏట మొదటి పోరు గెలిచాననీ, అరవైకి పైగా పోటీల్లో ఒక్కసారీ ఓడలేదనీ రాశాడు. ఉత్సాహం కలిగించే మాటే. కాకపోతే అతను పెరిగింది ఆయుధవిద్యలో పేరున్న తండ్రి మునిసాయ్ ఇంట్లో. చిన్నప్పటి నుంచీ చూసిందీ విన్నదీ అదే. తర్వాత ఎదురుపడ్డ ఆ అరవై మందీ అతనికి ఏదో ఒకటి నేర్పే ఉంటారు. ఆ బడిలో ఫీజు ప్రాణం కాబట్టి మనకు పనికిరాదు, అంతే.

క్యొకుషిన్ కరాటే స్థాపకుడు మసుతాత్సు ఒయామా కొండల్లో ఒంటరిగా సాధన చేసిన కథ కూడా బాగా ప్రచారంలో ఉంది. కొండెక్కేముందు అతను గిచిన్ ఫునకోషి బడిలో, ఆపైన గోజు పద్ధతి గురువు దగ్గరా కరాటే నేర్చుకున్నాడన్న సంగతి మాత్రం పోస్టర్ల మీదికి ఎక్కలేదు. ఒంటరితనం అతనికి మొదటి మెట్టు కాదు.

బ్రూస్ లీ సంగతి ఇంకా ఆసక్తికరం. హాంకాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ నేర్చుకున్నాడు. అమెరికా వెళ్లాక పుస్తకాలు కుప్పలుగా కొని చదివాడు, బాక్సింగ్ ఫిల్ములు తిప్పి తిప్పి చూశాడు. 1964లో ఓక్లాండ్‌లో వాంగ్ జాక్ మాన్ అనే కుంగ్‌ఫూ గురువుతో జరిగిన పోరు గురించి ఇప్పటికీ వాదులాటలున్నాయి. ఎవరు చెప్పిన కథ నిజమైనా, ఆ తర్వాత బ్రూస్ లీ తన సాధన తీరునే మార్చేశాడు. ఒక్క మనిషి ఎదురు నిలబడితే అన్నేళ్ల అభ్యాసంలో ఉన్న లోటు కొన్ని నిమిషాల్లో తెలిసొచ్చింది. అదే బ్రూస్ లీ 1970లో సరిగ్గా ఒళ్లు వేడెక్కించకుండా బరువుతో ముందుకు వంగి లేచే వ్యాయామం చేసి నడుం దెబ్బతీసుకున్నాడు. నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. ఆ రోజుల్లో రాసుకున్న నోట్సు, అతను పోయాక 1975లో 'టావో ఆఫ్ జీత్ కునే దో'గా అచ్చయిన పుస్తకంలో చేరింది. సొంతంగా సాధన చేసేవాళ్లంతా ఆ పుస్తకం కొంటారు. ఆ నడుం నొప్పి కథ కూడా కలిపి చదివితే మంచిది. అంతటి ఒళ్లున్నవాడికే పక్కనుండి "ఆగు, ఇవాళ వద్దు" అనే మనిషి లేకపోతే అలా జరిగింది.

ఇక అసలు విషయం తేల్చింది ఇంకొకాయన. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే గుడిలో పన్నెండు చాపలు పట్టే గదిలో, తొమ్మిది మంది శిష్యులతో జిగోరో కానో జూడో మొదలుపెట్టాడు. అప్పటికతనికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. పాత జుజుత్సు బడుల్లో ఎముకలు విరిచేవీ ప్రాణం తీసేవీ ఎన్నో పట్లుండేవి. అవి ప్రమాదం కాబట్టి వాటిలో చాలాభాగం ఒకరు చేస్తే ఇంకొకరు ఒప్పుకుని పడిపోయే వరస అభ్యాసంగానే మిగిలేవి. కానో మరీ ప్రమాదమైనవాటిని తీసి పక్కనపెట్టాడు. మిగిలినవాటిని, ఎదుటివాడు నిజంగా ఎదిరిస్తుంటే పూర్తి బలంతో వేసే అభ్యాసానికి పెద్దపీట వేశాడు. జపాన్‌వాళ్లు దాన్ని రాందోరి అంటారు. గాలిలో అభ్యసించిన వంద ప్రాణాంతక విద్యల కంటే, కాదని తోసేసే ఒంటి మీద రోజూ వేసి చూసిన పది మామూలు పట్లు ఎక్కువ పనికొస్తాయని లోకానికి తెలిసింది అక్కడే. ఇంట్లో నేర్చుకునేవాళ్లు గోడ మీద రాసుకోదగ్గ పేరు, నన్నడిగితే, బ్రూస్ లీది కాదు. కానోది.

ఏ విద్యతో మొదలుపెట్టాలి

తప్పు తనే చెప్పే విద్యలు మనకు రెండున్నాయి. కర్రసాము ఒకటి. కర్ర తప్పు తిప్పితే మీ మోకాలికో మోచేతికో తగులుతుంది, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. డాబా మీదో ఖాళీ కళ్లంలోనో చోటుంటే చాలు. వెదురు కర్ర మీ కనుబొమల ఎత్తు దాకా ఉంటే మొదట్లో సరిపోతుంది. చివర్లు చీలకుండా గుడ్డపట్టీ చుట్టండి. ముందు కుడిచేత్తో, తర్వాత ఎడమచేత్తో, ఆపైన చేతులు మారుస్తూ తిప్పడం. ఈ ఎడమచేతి దగ్గరే అందరూ మానేస్తారు.

రెండోది బాక్సింగ్. నేను దీనికే ఎక్కువ ఓటు వేస్తాను. దెబ్బలు నాలుగే: జాబ్, క్రాస్, హుక్, అప్పర్‌కట్. అభ్యాసానికి తాడు, బ్యాగ్, చేతి పట్టీలు, గ్లవ్స్ చాలు. వందేళ్లుగా బాక్సర్లు ఒంటరిగా చేసే అభ్యాసాలు కూడా సిద్ధంగా ఉన్నాయి: నీడతో పోరు, తాడాట, సంచీ మీద దెబ్బలు. కరాటేలో, తైక్వాండోలో మంచి లేదని కాదు. అక్కడ కాలి కోణం కొంచెం తేడా వచ్చినా మోకాలి మీద పడుతుంది, ఆ తేడాను నేర్చుకునేవాడు కనిపెట్టలేడు. కేరళ కళరిలో కూడా ఒళ్లు తిప్పే మెయ్‌తారి ముందు, కర్రల కోల్‌తారి తర్వాత, లోహపు ఆయుధాల అంకతారి ఆపైన, ఒట్టిచేతుల పోరు అన్నిటికన్నా చివర నేర్పుతారు. ఆయుధం లేకుండా కొట్టుకోవడం తేలికనుకుని దానితోనే మొదలుపెట్టే మనకు ఆ వరస ఆలోచించదగ్గది.

పుస్తకాలు, వీడియోల గురించి ఒక మాట. హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల్లో కరాటే పుస్తకం కనిపిస్తే కొనండి, చూడటానికి బాగుంటుంది. అందులో ఫొటో నంబర్ 1లో కాలు నేల మీద ఉంటుంది, నంబర్ 2లో ఎదుటివాడి గడ్డం కింద ఉంటుంది. ఆ రెండిటి మధ్య జరిగిందే విద్య, అదే ఫొటోకి దొరకదు. వీడియో ఆ లోటు తీర్చింది గానీ ఇంకో లోటు తెచ్చింది. ఒకటి చూస్తే పది వస్తాయి. వంట వీడియోలతో కడుపు నింపుకున్నట్టు ఉంటుంది చివరికి. అందుకని ఒక్క బోధకుణ్ణి ఎంచుకుని, అతని మొదటి పాఠం నుంచి వరసగా, కనీసం మూడు నెలలు వేరే వీడియో ముట్టకుండా వెళ్లండి. ఎంచుకోవడానికి ఒకటే పరీక్ష: అతను చూపించే ఎత్తు, ఎదుటివాడు నిజంగా కదులుతూ తిరగబడుతున్నప్పుడు కూడా ఎక్కడైనా చేసి చూపించాడా? ఎదుటివాడు చెయ్యి చాచి బొమ్మలా నిలబడితే, ఆ మీదట ఏడు దెబ్బలు కొట్టి గర్వంగా కెమెరా వైపు చూసేవాణ్ణి వదిలెయ్యండి. కత్తి లాక్కునే వీడియోలు చేసేవాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువ.

ముందు పడటం

దెబ్బ కొట్టడం కంటే ముందు కింద పడటం నేర్చుకోండి. జూడోలో కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఇదే, జపాన్‌వాళ్లు ఉకెమి అంటారు. మీరు జీవితంలో ఒక్క మనిషితో కూడా కొట్లాడకపోవచ్చు. బాత్‌రూములో జారడమో, బండి మీంచి పడటమో మాత్రం తప్పకపోవచ్చు.

నేల మీద రెండు పరుపులు పరిచి, లేదా తడి ఇసుకలో, గొంతుక్కూర్చుని మొదలుపెట్టండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, చూపు మీ బొడ్డు మీద ఉంచి వెనక్కి దొర్లండి. వీపు నేలకు తగిలే క్షణంలో రెండు ముంజేతులూ అరచేతులూ కలిపి ఒంటికి ఏటవాలుగా నేలను గట్టిగా చరచాలి. తల నేలకు తగలకూడదు. తగిలితే గడ్డం వదిలేశారన్నమాట, ఇక్కడ నేలే మీ మాస్టారు. పడేటప్పుడు చెయ్యి వెనక్కి చాచి ఆనుకోబోవడం ఒంటికి పుట్టుకతో ఉన్న అలవాటు. మణికట్లు విరిగేది చాలావరకు అలాగే. ఆ అలవాటు మానేదాకా గొంతుక్కూర్చునే స్థితి నుంచి లేవకండి. తర్వాత సగం వంగి, తర్వాత నిలబడి. ఎడమ పక్కకీ కుడి పక్కకీ. రోజుకు పది చాలు, తొందర లేదు.

డాబా మీద అరగంట

వారానికి నాలుగు రోజులు, రోజుకు అరగంట లేదా నలభై నిమిషాలు. ఫోనులో బాక్సింగ్ టైమర్ పెట్టుకోండి: 3 నిమిషాల రౌండు, 1 నిమిషం విశ్రాంతి. బాక్సర్లు నేర్చుకునేది ఆ గడియారంలోనే. తాడాట రెండు రౌండ్లు, గాలిలో మూడు, బ్యాగ్ మీద మూడు, చివర్లో పడటాలు. దండీలూ బస్కీలూ తీసే అలవాటుంటే కొనసాగించండి. పాత వస్తాదులు తెలియక చెప్పింది కాదది.

కుడిచేతివాటం ఉన్నవాళ్లకి ఎడమకాలు ముందు, కుడికాలు వెనక. పాదాల మధ్య భుజాలంత ఎడం. వెనక మడమ కాస్త లేచి ఉండాలి. మోకాళ్లు సడలి ఉండాలి. డాబా మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, రెండు పాదాలూ ఆ గీతకు చెరో పక్కన ఉండేట్టు నిలబడండి. ముందుకు వెళ్లేటప్పుడు ముందుకాలే ముందు, వెనక్కి వచ్చేటప్పుడు వెనకకాలే ముందు. ఎడమకు ఎడమకాలు, కుడికి కుడికాలు. రౌండు మధ్యలో ఆగి కిందికి చూడండి. రెండు కాళ్లూ గీతకు ఒకే పక్కకి వచ్చేశాయా, ఒకదానికొకటి తగిలాయా? ఎవరైనా చిటికెనవేలితో తోసినా పడిపోతారు అప్పుడు. మొదటి రెండు వారాలు చేతులతో పనే లేదు, ఈ గీత చాలు. విసుగ్గా ఉంటుంది. 'తమ్ముడు' సినిమాలో హీరో కిక్‌బాక్సర్‌గా తయారయ్యేది ఒక పాటలో. సినిమా వాళ్లకి ఎడిటర్ ఉంటాడు.

తర్వాత పిడికిలి. నాలుగు వేళ్లు మడిచి, బొటనవేలిని బయట, చూపుడు, మధ్య వేళ్ల మీదుగా అడ్డంగా పెట్టండి. లోపల దాచితే విరుగుతుంది. దెబ్బ తగలాల్సింది చూపుడువేలు, మధ్యవేలు మొదట్లో ఉన్న కణుపులతో. మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండాలి. చిటికెనవేలి వైపు తగిలితే దాని కింది అరచేతి ఎముక విరుగుతుంది. డాక్టర్లు దానికి బాక్సర్ ఫ్రాక్చర్ అనే పేరు పెట్టారు గానీ, ఎక్కువగా వచ్చేది కోపంలో గోడను గుద్దినవాళ్లకే. చేతికి నాలుగున్నర మీటర్ల పట్టీలు దొరుకుతాయి. అవి చుట్టుకుని, 12 లేదా 14 ఔన్సుల గ్లవ్స్ తొడిగితే తప్ప బ్యాగ్ ముట్టకండి.

బ్యాగ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. గోనెసంచీలో ఇసుక నింపడం మాత్రం వద్దు. రెండు వారాల్లో ఇసుక కిందికి దిగి, పైన మెత్తగా, కింద బండలా అవుతుంది. పాత బట్టలు, దుప్పటి ముక్కలు కుక్కి కుక్కి నింపండి. శ్లాబు కొక్కెం ఆ బరువు మోస్తుందో లేదో మేస్త్రీని ఒకసారి అడగండి. బ్యాగ్ చక్కటి మాస్టారు. దెబ్బ వేస్తే అది దూరంగా ఊగిపోయిందంటే మీరు కొట్టలేదు, తోశారు. ఉన్నచోటే అదిరి, టప్ మన్న పొట్టి చప్పుడు వచ్చిందంటే చెయ్యి వెళ్లినంత వేగంగా వెనక్కి కూడా వచ్చింది. ఈ వెనక్కి రావడమే సగం విద్య. ప్రతి దెబ్బకీ ముక్కుతో పొట్టిగా ఊపిరి వదలండి. రౌండు మధ్యలోనే ఆయాసం ముంచుకొస్తే చాలావరకు బలం చాలక కాదు, ఊపిరి బిగబట్టడం వల్ల.

తల కదపడానికి ఒక టెన్నిస్ బంతిని దారంతో కనుబొమల ఎత్తులో వేలాడదీసి, ఊపి వదిలి, అది ముఖం మీదికి వచ్చినప్పుడల్లా నడుం నుంచి పక్కకి తప్పుకోండి. తప్పుకోకపోతే నుదుటికి తగులుతుంది, అంతకంటే స్పష్టమైన పాఠం ఏముంటుంది. బంతిని చూస్తూ వెనక్కి విరుచుకోవడం మాత్రం అలవాటు చేసుకోవద్దు.

ఇన్ని చేసినా మనకు కనిపించని తప్పులు మిగులుతాయి. ఫోనును ఒక రోజు ఎదురుగా, ఒక రోజు పక్కనుంచి పెట్టి ఒక రౌండు వీడియో తీయండి. చూసేటప్పుడు ఒక్క విషయమే చూడండి. జాబ్ వేసినప్పుడు కుడిచెయ్యి చెంప దగ్గరే ఉందా, దిగిపోయిందా? దాదాపు అందరికీ దిగిపోతుంది. ఆ వారమంతా ఆ చెయ్యి సంగతే. అన్ని తప్పులూ ఒకేసారి దిద్దుకోబోతే ఏదీ దిద్దుకోలేరు. తీసిన వీడియోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకండి. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లకీ మీ కుడిచెయ్యి కనిపించదు.

ఒంటరిగా చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మెడ మీద బరువు మోపే వంతెన వ్యాయామం వద్దు. సిమెంటు నేల మీద ఎగిరి తిరిగి తన్నే తన్నులు వద్దు. పెంకులు, ఇటుకలు పగలగొట్టడం ప్రదర్శన, దానితో కొట్లాటకు సంబంధం లేదు. నుంచాకు సరదా మీ ఇష్టం, పళ్లు మీవి. గొంతు పట్టు మాత్రం తమ్ముడి మీదైనా సరే వేసి చూడకండి. మెడకు రెండు వైపులా ఉండే రక్తనాళాలు నొక్కుకుంటే మనిషి పది సెకన్లలోపే స్పృహ తప్పగలడు. అది ఎప్పుడు వదలాలో తెలిసిన మనిషి పక్కన లేనప్పుడు ఆట కాదు.

జత

ఆర్నెల్లు ఇలా చేశారనుకుందాం. ఒళ్లు తేలికపడుతుంది, బ్యాగ్ బాగా మోగుతుంది, అద్దంలో చూసుకుంటే బాక్సర్‌లాగే ఉంటారు. ఇక్కడే చాలామంది తమకు కొట్లాట వచ్చేసిందనుకుంటారు. దూరం అంచనా, సమయం, భయం, ఈ మూడూ ఇంకా మొదలే కాలేదు. కళ్ల ముందు ఏదో కదిలిందని గుర్తించి ఒళ్లు స్పందించడానికే దాదాపు పావు సెకను పడుతుంది. దగ్గర్నుంచి వచ్చే జాబ్ అంత సేపు ఆగదు. బాక్సర్లు దెబ్బను చూసి తప్పుకోవడం కంటే, అది బయలుదేరబోతోందని భుజం కదలికలోనో పాదం బరువులోనో ముందే చదవడం మీద ఆధారపడతారు. ఆ చదువు బ్యాగ్ చెప్పదు. బ్యాగ్‌కి భుజాలు లేవు.

కాబట్టి ఒక మనిషిని వెతకండి. అన్నో చెల్లో స్నేహితుడో. మీకంటే బాగా వచ్చినవాడే కానక్కర్లేదు, కోపం త్వరగా రానివాడైతే చాలు. గురువు లేని ఇద్దరు నేరుగా కొట్టుకుంటే మొదటి వారంలోనే ఒకరికి ముక్కు పగులుతుంది, రెండో వారం నుంచి ఇద్దరూ మాట్లాడుకోరు. దానికి బదులు చిన్న చిన్న ఆటలు పెట్టుకోండి. భుజం తాకే ఆట: ఒకరి భుజాన్ని ఇంకొకరు అరచేత్తో తాకాలి, తన భుజం తాకనివ్వకూడదు. మోకాలు తాకే ఆట: నడుం వంచకుండా మోకాళ్లు వంచి కిందికి దిగడం అందులోనే వస్తుంది. ఒకరు జాబ్ మాత్రమే వెయ్యాలి, రెండోవారు తప్పుకోవాలి, తిరిగి కొట్టకూడదు. రౌండు అయ్యాక మార్చుకోవాలి. కానో చేసింది ఇదే కదా, ప్రమాదాన్ని తీసేసి ఎదిరింపును ఉంచడం.

గ్లవ్స్‌తో ఆడే రోజు వస్తే 16 ఔన్సులవి, పళ్లకి మౌత్‌గార్డ్. దెబ్బలు ఒంటి మీదే, అవీ సగం బలం కూడా దాటకుండా. పర్యవేక్షించే మనిషి లేనంతవరకు తలకు దెబ్బలు వద్దేవద్దు. పొరపాటున తగిలి తలనొప్పి, వాంతి, మగత, మసకచూపు వంటివి కనిపిస్తే ఆ రోజుకి ఆపడం కాదు, డాక్టర్ సరేననేదాకా ఆపాలి. కుస్తీ పట్లు ఆడితే రెండుసార్లు తట్టగానే వదలాలి. ఎక్కడ తట్టినా సరే, ఎందుకని అడగకుండా.

ఆడపిల్లలకు జత దొరకడం కష్టమని తెలుసు. నిజామాబాద్‌లో బాక్సర్ నిఖత్ జరీన్ మొదలుపెట్టినప్పుడు కూడా రింగులో ఆడపిల్లలు లేరు, ఆమె అబ్బాయిలతోనే తలపడింది. ఆమెను ఆటల్లోకి దింపింది తండ్రి, ఆయన కూడా క్రీడాకారుడే. ఆ తర్వాత 2009లో విశాఖపట్నం స్పోర్ట్స్ అథారిటీ శిక్షణకు వెళ్లింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇందులో గమనించాల్సింది పతకాల కంటే వరస: ముందు ఇంటి మనిషి, తర్వాత ఎదురు నిలబడే జత, తర్వాత కోచ్.

వీధిలో ఇది పనికొస్తుందా అని ఎలాగూ అడుగుతారు. పరుగు పనికొస్తుంది, 112కి ఫోను పనికొస్తుంది, కింద పడి లేవడం పనికొస్తుంది. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. కాపాడుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేసే హక్కు లేదనీ, అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదనీ 37వ సెక్షన్ చెబుతుంది. దాడి చేసినవాడు కిందపడి ఆగిపోయాక వేసే ఇంకో తన్ను ఆత్మరక్షణ కిందికి రాదు. బ్యాగ్ మీద ఐదు దెబ్బల వరస అలవాటైన చెయ్యికి ఒకటి దగ్గర ఆగడం కూడా నేర్పాలి.

బోర్డు లేని గురువులు

క్లాసు లేదంటే నేర్పే మనిషి లేడని కాదు. దసరాకి అమలాపురంలో చెడీ తాలింఖానా చూడటానికి వెళ్లినవాళ్లకి తెలుసు. కర్రలూ కత్తులూ తిప్పుతూ వీధుల్లో నడిచేవాళ్లు మిగతా రోజుల్లో మామూలు మనుషుల్లాగే తిరుగుతుంటారు. వాళ్ల గుమ్మాలకు అకాడమీ అనే బోర్డు ఉండదు. పీర్ల పండుగకు కర్ర తిప్పే పెద్దమనిషి మీ పక్క ఊళ్లోనే ఉండవచ్చు. హైదరాబాద్ పాతబస్తీ తాలీముల్లో ఇప్పటికీ మట్టిలో కుస్తీ పడుతున్నారు. సైన్యంలో యూనిట్ల మధ్య బాక్సింగ్ పోటీలు జరుగుతాయి కాబట్టి మీ మండలంలోని మాజీ సైనికుల్లో గ్లవ్స్ తొడిగిన చేతులు తప్పకుండా ఉంటాయి. పశ్చిమ గోదావరిలోని మిలటరీ మాధవరం లాంటి ఊరైతే అసలు వెతకనే అక్కర్లేదు. హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడగండి, జిల్లా స్టేడియంలో అడగండి. నెలకొక్క ఆదివారం బస్సెక్కి వెళ్లి ఒక కోచ్ ముందు గంటసేపు నిలబడితే, మిగతా ఇరవై తొమ్మిది రోజులకు పని దొరుకుతుంది. పూర్తిగా గురువు లేకపోవడానికీ, నెలకొకసారి గురువు ఉండటానికీ ఉన్న తేడా, రోజూ గురువు ఉండటానికీ నెలకొకసారి ఉండటానికీ మధ్య లేదు.

వెళ్లే ముందు ఒక క్లాసు ఊరికే కూర్చుని చూడండి. చూడనివ్వకపోతే లేచి వచ్చెయ్యండి. పిల్లలు వరసల్లో నిలబడి గాలిని కొట్టడం కాక, జతలుగా ఎదురు నిలబడే సమయం ఎంత ఉందో గమనించండి. సీనియర్లు చిన్నవాళ్లని ఎలా చూస్తున్నారో చూడండి. ఏడాదిలో నల్లబెల్టు ఇస్తామంటే అక్కడ అమ్ముతున్నది బెల్టే. ఆ నల్లబెల్టు పద్ధతి మొదలుపెట్టింది కూడా మన కానోయే, 1880లలో, పై స్థాయికి చేరినవాళ్లెవరో తేలిగ్గా తెలియడానికి. దానికి ఇంత గిరాకీ వస్తుందని ఆయన అనుకుని ఉండడు.

కోచ్ దొరికితే, ఇంట్లో ఏం నేర్చుకున్నారో ఏకరువు పెట్టకండి. మీరు నిలబడగానే ఆయనకు తెలిసిపోతుంది. మీ స్టాన్స్ మారుస్తారు, కొన్ని వారాలు మీ జాబ్ ఇంతకుముందు కంటే నెమ్మదిస్తుంది, చిరాకు పుడుతుంది. పడటం, ఊపిరి, తాడాట, అరగంట క్రమం, ఇవి మాత్రం ఏ బడిలోనైనా వృథా పోవు. ఆయన జతగా నిలబెట్టినవాళ్లు మీకంటే చిన్నవాళ్లయి ఉంటారు, మిమ్మల్ని ముట్టకుండా తప్పించుకుంటుంటారు. ఎలా తప్పించుకుంటున్నారో ఆగి వాళ్లనే అడగండి, పిల్లలు దాచుకోకుండా చెబుతారు. మొదటి రోజు వెళ్లేటప్పుడు గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలూ కడియాలూ గొలుసులూ ఇంట్లో పెట్టి వెళ్లండి.